సుత్తి దెబ్బకు నొక్కు పడని తలుపు

చిరంజీవి యాదగిరికి ఆశీస్సులు. తేదీ, ఊరు వ్రాయడానికి చెయ్యి రావడం లేదు. డైరీలోనే నీకు వ్రాస్తున్న ఉత్తరమిది.

సుచిత్ర చౌరస్తా దగ్గరి కార్ల షెడ్డులో, నీ తోటి డ్రైవర్ల ఎదుట, నేను సుత్తి ఎత్తడం నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఉక్కు రేకు కారు తలుపుకు నొక్కు పడింది. ఫైబర్ తలుపు దెబ్బ తిని మళ్ళీ యథాస్థితికి వచ్చింది. "ఏది బలమైనదో ఇక వేరే చెప్పాలా?" అన్నాను.

"మా సారు జెప్పినంక ఇగ సోంచాయించుడేంది? ఫైబర్‌దే బిగియ్యుండ్రి" అని నీవు నవ్వావు. ముప్పై ఏళ్ళు సైన్సు బోధించిన గర్వంతో నేనూ నవ్వాను.

నేడు తుర్కపల్లి దారిలో లారీ నీ కారును పక్కనుంచి గుద్దింది. ఆ తలుపు వంగలేదు, ముక్కలైంది. రేకు అయితే నలుగుతూ కొంత దెబ్బను తాను తీసుకొనేది. సుత్తి దెబ్బ వేరు, లారీ వేగం వేరు. ఏడవ తరగతి పిల్లలకు చెప్పిన ఆ మాటను ఆనాడు నీకు చెప్పలేదు.

ఆసుపత్రిలో నీ భార్య అనసూయ అడిగింది: "సారూ, గా తలుపు రేకుదుంటే గీయన కాలు దక్కుతుండెనా?" జవాబు తెలిసి కూడా కళ్ళద్దాలు తుడుచుకొంటూ నిలబడ్డాను.

రేపు ఉదయం నీ కాలు తీసివేస్తారట. నా మాట నమ్మిన మరో ముగ్గురు ఇంకా ఆ తలుపులతోనే తిరుగుతున్నారు. వారి ఎదుట నిలబడి నా తప్పు ఒప్పుకొనే ధైర్యం నాకు లేదు.

అమ్మా అనసూయా, తెల్లవారగానే ఈ కాగితం డైరీలోంచి చింపి నీ చేతికిస్తాను. ఆ షెడ్డులో, నేను సుత్తి ఎత్తిన చోటనే నిలబడి, అందరికీ వినబడేటట్లు చదువు.