కొత్త లీగు కోసం నేను చేసిన ప్రార్థన

తమ్ముడు ఆర్డెల్‌కు,

నిన్న పొద్దున ప్రార్థన ముగించి మొక్కజొన్న జావ కలుపుతుండగా, మీ కొత్త ఫుట్‌బాల్ లీగు మూతపడిందని రేడియోలో చెప్పారు. జావ అడుగంటింది.

పెద్ద లీగు వాళ్లు పిలిస్తే వెళ్లనివ్వక, ఇంటికి గంట దూరంలోని బర్మింగ్‌హామ్ జట్టులో నిన్ను చేరమన్నది నేనే. దేవుడు చెప్పాడన్నాను. చెప్పింది నిన్ను దగ్గర ఉంచుకోవాలన్న నా ఆశే.

"మూడేళ్లకే మూసేస్తారని ఆయన నీకు చెప్పలేదా అక్కా?" అంది మన ఓపలీన్.

పని పోయిందని సిగ్గుపడి నువ్వు ఫోను ఎత్తడం లేదట. ఆ సిగ్గు నాది, నాకిచ్చేయి.

సాయంత్రం అందరం కూర్చుని తీర్మానించాం. నువ్వు ఇంటికి రావాలి. తర్వాతి దారి నువ్వే చూసుకోవాలి. నేను సలహా ఇవ్వకూడదు. చివరిదానికి అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే.

నీ పెద్దక్క