గోడ దాటిన వెదురు

అమీర్‌పేట,
12 సెప్టెంబరు 2006.

చిరంజీవి రాఘవేందర్‌కు,

జానకక్క ఆశీస్సులు. నువ్వూ దివ్యశ్రీ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, బీపీ మాత్ర మానలేదు.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మూడుసార్లు పంజాగుట్ట వచ్చాను. మూడుసార్లూ మీ అమ్మ చంద్రమ్మగారు గేటు దగ్గరే ఆపి, "బిడ్డ ఆఫీసుకు పోయిండమ్మా" అన్నారు. మూడోసారి వచ్చింది ఆదివారం. నీ చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. అంత పెద్దావిడ చేత అబద్ధం ఆడిస్తున్నానే అని సిగ్గేసి తిరిగి వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ నెల మొదటి ఆదివారం మన వెదురు బృందం కలవలేదు. నువ్వు మమ్మల్నందరినీ పోగుచేసిన ఈ ఆరేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. బేగంపేటలో తమ మేడమీద కలుద్దామని కేదార్ గారు అన్నారు గానీ, నువ్వు లేకుండా ఎవరికీ మనసొప్పలేదు. రవళి కుండీలో కొత్త పిలక లేచిందట. ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "రాఘవన్నకు చూపిద్దామంటే..." అని ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే పిల్ల, పిలక ఫోటో చూసుకుంటూ మా వరండాలో ఏడ్చింది.

మంగవ్వ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మా గోడ మీద పడి విరిగిన కాలిలో రాడ్డు వేశారు కదా, వంగడం లేదు. మా గోడ పక్కన ఆమె ఇడ్లీ బండి ఉన్న చోట ఇప్పుడెవరూ బండి పెట్టడం లేదు. కంప్యూటర్ కోర్సులకొచ్చే పిల్లలు పొద్దున్నే వచ్చి, కూలిన ఇటుకలు చూసి వెళ్లిపోతున్నారు. ప్రతి సోమవారం నువ్వే ఆమెను ఆటోలో కట్టు మార్పించడానికి తీసుకెళ్తున్నావట. "సారు నా మొకం చూడడు, తొవ్వ పొడుగునా గమ్మునుంటడు" అంది.

ఆగస్టులో అందరూ కూర్చున్నప్పుడు నువ్వు లేచి అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. "అక్కకు ఆ మొక్క ఇచ్చింది నేనే. ఒక్క చోట దుబ్బుగా పెరిగే వెదురని చెప్పి, నేల కింద పాకే రకం ఇచ్చిన. వేర్లు గోడ కిందికి పోయినయ్. మంగవ్వ కాలు నా వల్లనే విరిగింది" అన్నావు. ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. గోడ పాతది, మట్టితో కట్టింది. ఆ రోజు వానా అలాంటిదే. ఎవరి తప్పని ఎంచుతాం చెప్పు? నువ్వంతగా కుమిలిపోకు. ఒక్కసారి ఫోను ఎత్తు.

మీ అక్క,
జానకీదేవి.


అమీర్‌పేట,
22 సెప్టెంబరు 2006.

రాఘవా,

కుశల ప్రశ్నలకు ఓపిక లేదు. నిన్న దివ్యశ్రీ ఫోను చేసింది. ఎల్లుండి ఆదివారం గడ్డపారలతో మనుషులను పిలిచావట. పెరట్లో ఉన్న ఇరవై రెండు దుబ్బులూ తవ్వించేస్తావట. మొక్కను గుర్తుపట్టలేనివాడికి మొక్కలెందుకు అన్నావట. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నావట. "అక్కా, ఆయన నాతోని సుత మాట్లాడుతలేడు. జర నువ్వన్న చెప్పు" అని ఆ పిల్ల బతిమాలింది.

వద్దు నాయనా. నీ కాళ్లు పట్టుకుంటాను. పచ్చ చారల దుబ్బును నిజామాబాద్ నుంచి బస్సు టాపు మీద, తడిగోనెలో చుట్టి, నువ్వూ దాని పక్కనే కూర్చుని తెచ్చుకున్నావు. దాన్నెలా తవ్వించగలవు? కణుపు మీద వేలు పెట్టి, ఆకు వెనక్కి తిప్పి రకం పేరు చెప్పేవాడివి. నీ కళ్లు తప్పు చూడలేదు రాఘవా. ఒట్టేసి చెబుతున్నాను, చూడలేదు.

నీకెలా తెలుసని అడుగుతావు. ఆ జవాబు రాయడానికి పొద్దుటి నుంచి ఐదు కాగితాలు చింపేశాను. ఇదీ చింపేస్తే ఆదివారం వచ్చేస్తుంది. ఆ పని ఆపు. ఇంకేం రాయను?

జానకక్క.

తా.క.: పైన సంతకం పెట్టి, కవరు అంటించకుండా మంగవ్వ ఇంటికి వెళ్లి వచ్చాను. ఇప్పుడు రాయగలను.

నాలుగేళ్ల కింద నువ్విచ్చిన మొక్క నెల తిరక్కుండానే చచ్చిపోయింది. రోజుకు రెండు పూటలా నీళ్లు పోసి నేనే కుళ్లబెట్టాను. అందరి ముందు ఏరికోరి నా చేతిలో పెట్టావు, చంపేశానని ఎలా చెప్పను? మా ఆయన పోయాక నాకు మనుషుల మధ్య కూర్చునే చోటు మీ బృందం ఒక్కటే. ఊటీ వెళ్లినప్పుడు ఒక నర్సరీలో చూడటానికి అలాంటిదే కనబడితే తెచ్చి అదే గుంటలో పెట్టాను. ఇది నేల కింద పాకుతుందమ్మా అని నర్సరీ అతను చెప్పాడు. అలాంటిది సిటీలో నేలలో పెట్టొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. ఏమవుతుందిలే అనుకున్నాను.

రెండేళ్ల కింద నువ్వొచ్చి, దాని ముందు గొంతుకూర్చుని, "అక్కా, ఇది నేనిచ్చిందేనా? గింత దూరం దూరంగ లేస్తుందేంది?" అని అడిగావు. నువ్విచ్చిందే అన్నాను. నీ కళ్లను కాదని నా మాట నమ్మావు.

ఇదంతా మంగవ్వకు చెప్పాను. నన్ను కూర్చోమనలేదు. "నా కాలు సంగతి తర్వాత అడుగుత. గా సారు రెండు నెల్ల సంది నా ముంగట తల ఎత్తలే. గది చూసుకుంట ఎట్ల ఊకున్నవమ్మా?" అంది.

బృందంలో మిగతా ఏడుగురికీ ఇదే రాసి పంపుతున్నాను. దివ్యశ్రీ సాయంత్రం వచ్చి ఇది పట్టుకెళ్తానంది. నువ్వు నా ముఖం చూడనక్కర్లేదు. ఆదివారం వచ్చే మనుషులను మాత్రం ఇటు పంపు. వేర్లు ఇంకా బతికే ఉన్నాయి, పక్కింటి వాళ్ల నీళ్ల సంపు వైపు పోతున్నాయి. ఎంత లోతుకు తవ్వించాలో నాకు తెలియదు.