ఘాట్ మలుపులో రాళ్లకుప్ప

బండ్ల డ్యూటీలు చూసే ఇనాయతుల్లా సాబ్‌కు నమస్తే.

కూరగాయల బండి జెద్దాకు ఎందుకు ఆలస్యమైందో రాసిమ్మన్నారు. అరబ్బీలో మన యజమాని కఫీల్‌కు మీరే చెప్తానన్నారు.

ఇవాళ పొద్దున తాయిఫ్ ఘాట్ దిగుతుంటే మలుపులో కోతి అడ్డం వచ్చింది. బ్రేకు వేసినా తగిలింది, చచ్చిపోయింది. బంపరు సొట్టపోయింది. బండి పక్కకు ఆపి, లైట్లు వేసి, పోలీసులకూ మీకూ ఫోన్ చేశాను. "బండిల్నే కూసో, దిగకు" అన్నారు మీరు. దిగాను. మా జగిత్యాల దిక్కు చచ్చిన కోతిని రోడ్డు మీద వదిలెయ్యరు. ఊరంతా కలిసి పసుపు కుంకుమ చల్లి పాతిపెడతారు. ఇక్కడ తవ్వుదామంటే అంతా రాయి. తువ్వాల కప్పి, పైన రాళ్లు పేర్చాను.

పొరపాటు అదే. పోలీసులు వచ్చి సమాధి చూశారు. మనిషిని గుద్ది దాచేశానని అనుకున్నారు. రాళ్లన్నీ నా చేతే తీయించారు. కోతిని చూసి ఒకాయన నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు, నేను మళ్లీ పేర్చేదాకా ఆగాడు. ఆలస్యం అందుకే.

కఫీల్‌కు బంపరు సంగతి చెప్పండి, చాలు.

కొన్నాళ్లు నన్ను ఆ దారికి పంపనన్నారు. మీ ఇష్టం. కానీ ఎల్లుండికి కోతి పోయి మూడో రోజు, దాని పేరున పిట్టకు ముద్ద పెట్టాలి. ఆ ఒక్క ట్రిప్పు నాకే వెయ్యండి.

మీ తాయిఫ్ బండి డ్రైవరు