కదిలిన వరుస మీద పడిన వేలు

అయ్యా,

విషయం: అంబులెన్సులు పంపు కంప్యూటర్ తెరపై కాల్స్ జాబితా కదలకుండా చేయించుట గురించి.

తమ కంట్రోల్ రూములో మూడో బల్ల దగ్గర తొమ్మిదేళ్లు ఫోన్లు ఎత్తి, ప్రస్తుతం సస్పెన్షనులో ఉన్న నేను మనవి చేసుకొనునది:

1. గత నెల ఆరవ తేదీ ఉదయం ఒక దర్జీగారి కుమార్తె ఫోను చేసినది. "మా నాన్న మూతి వంకరపోతోంది, తొందరగా పంపండి!" అన్నది. నేను ఆమె కాల్‌పై వేలు ఆనించు క్షణముననే పైన కొత్త కాల్ చేరి, జాబితా ఒక వరుస కిందికి జరిగినది. నా వేలు పోయి, కాలు బెణికిన ఒకాయన పేరుపై పడినది. బండి ఊరి ఆ చివరకు పోయినది.

2. "నిజంగా పంపాలా?" అని తెర అడుగగా నేను "అవును" నొక్కితినని విచారణలో రాసినారు. నిజమే. అది రోజుకు రెండు వందల సార్లు అడుగును. ఎవరికో, ఏ వీధికో చెప్పదు.

3. పొరపాటు వెంటనే గ్రహించితిని. బండిని వెనక్కి పిలుచు మీట మాకు లేదు. సూపర్‌వైజరు గారి పాస్‌వర్డు కావలెను. వారు సీటులో లేరు. నా సొంత ఫోను నుండి డ్రైవరుకు చేసితిని.

"అన్నా, బండి వెనక్కి తిప్పు!"

"నా తెర మీద ఇదే అడ్రసుందమ్మా. తిప్పితే రేపు నా ఉద్యోగం ఊడుతుంది."

వేరొక బండి దర్జీగారింటికి చేరుసరికి పద్నాలుగు నిమిషాలు పోయినవి. దర్జీగారికి ప్రాణం దక్కినది గాని మాట ముద్దయినది.

4. "మానవ తప్పిదం" అని విచారణ రెండు ముక్కల్లో తేల్చినది. గోడకు "జాగ్రత్తగా నొక్కవలెను" అని కాగితం అంటించినారు. అయ్యా, మేడ మీద పిట్టగోడ ఎందుకు కడతారు? జాగ్రత్తగా నడవమని కాగితం అంటిస్తే సరిపోదా?

కొత్త కాల్స్ అడుగున చేరవలెను. పంపాలా అని అడుగునప్పుడు వీధి పేరు పెద్దగా కనబడవలెను. వెనక్కి పిలుచు మీట ప్రతి బల్లకూ ఉండవలెను. నా శిక్ష సంగతి తరువాత చూడవచ్చును. నా కుర్చీలో ఇప్పుడు ఇంకొకామె ఉన్నది. ఆమెవీ మనిషి వేళ్లే.

తమరు ఒక్క పూట మా బల్ల దగ్గర కూర్చుని చూచి, తగిన ఉత్తర్వు ఇప్పించ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో బల్ల ఆపరేటరు

తా.క.: నిన్న క్షమాపణ అడుగుదామని దర్జీగారింటికి వెళ్లాను.

"ఆ రోజు ఫోనెత్తింది మీరేనా?" అంది కూతురు.

"నేనేనమ్మా."

తలుపు మూసేస్తుందనుకున్నాను. ఈ అర్జీ చేతికిచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివింది.

"అయితే రేపు ఇంకెవరికైనా ఇలాగే అవుతుందా?"

"అవుతుంది."

లోపలికి వెళ్లి తండ్రికి చదివి వినిపించింది. ఆయన చాలాసేపు కూడదీసుకుని, "పెన్ను... ఇయ్యి" అన్నారు. కింద ఉన్నవి వాళ్లిద్దరి సంతకాలు. నన్ను క్షమించామని మాత్రం వాళ్లు అనలేదు. నేనూ అడగలేకపోయాను.