దేవానందం నడుము నొప్పి నిజమా కాదా తేల్చగోరు సంగతి

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

మేడిపల్లి కాపురస్తుడు, మల్లాపూర్ పారిశ్రామిక వాడలోని వాల్ పుట్టీ కంపెనీ లోడింగ్ కార్మికుడు పి. దేవానందం, వయస్సు 46, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పని వలన వచ్చిన నడుము నొప్పిని పని వలన వచ్చినదేనని నమోదు చేయించి, కూర్చుని చేసే పని ఇప్పించుట గురించి.

1. పదకొండు సంవత్సరములుగా నేను నలభై కిలోల పుట్టీ సంచులను బెల్టు మీది నుండి లారీలోకి ఎత్తుచున్నాను. బెల్టు మోకాలి ఎత్తు, లారీ ఛాతీ ఎత్తు. పక్కన గోడ ఉన్నందున కాళ్లు తిప్పుటకు జాగా లేదు, నడుమే తిప్పవలెను. రోజుకు మూడు వందల సంచులు. మునుపు సంచికి ఇద్దరం పట్టేవాళ్లం. జోడీ పోశయ్యను వేరే సెక్షనుకు మార్చినప్పటి నుండి ఒక్కడినే. తోపుడు బండి ఒకటి కలదు. తమరు తనిఖీకి వచ్చు దినమున మాత్రమే అది స్టోరు నుండి బయటకు వచ్చును. తమరు దానిని చూసి మెచ్చుకొని ఫోటో కూడా తీసుకొనిరి.

2. గత జూలైలో సంచి ఎత్తి తిరుగుచుండగా నడుములో పటుక్కుమని అక్కడనే కూలబడితిని. దవాఖానా డాక్టరు డిస్కు జరిగినదనియు, బరువులు ఎత్తరాదనియు రాసి ఇచ్చిరి. ఆ కాగితము సమర్పించగా హెచ్.ఆర్. మేనేజరు విజయభాస్కర్ గారు కారణములు విచారించి నివేదిక తయారు చేసిరి. కారణములేవనగా: వయస్సు, బీడీ, పొట్ట, నేల మీద పండుకొనుట, ఉప్పల్ నుండి మేడిపల్లి దాకా గుంతల్లో స్కూటరు నడుపుట, మరియు పని పట్ల అసంతృప్తి. సంచి పేరు అందుల యాడా లేదయ్యా! నా పొట్టనంట! ఆ సారు పొట్ట ముంగట నాదొక పొట్టనా?

3. నా భార్య మరియమ్మ నా కొరకు ఇరవై ఒక్క దినములు ఉపవాస ప్రార్థన చేసినది. చివరి ఆదివారము నతానియేలు పాస్టరు అయ్యగారు నా నడుము మీద చేయి ఉంచి ప్రార్థించి, మైకు ఇచ్చి సాక్ష్యము చెప్పుమనిరి. స్వస్థత రాకముందే వచ్చినదని విశ్వాసముతో పలుకుట మా సంఘములో ఆచారము. ఇరవై ఒక్క రోజులు పస్తులున్న మనిషి ముంగట కూసొని చూస్తుంటే, తగ్గలేదని ఏ నోటితోని చెప్పాలె? "ప్రభువు నన్ను ముట్టిండు, నేను బాగైన" అని రెండుసార్లు వంగి లేచితిని. పానం పోయినంత పనైంది. కండ్లల్ల నీళ్లు కారినయి. సంతోషం పట్టలేక ఏడుస్తున్నడని అందరూ చప్పట్లు కొట్టిన్రు.

4. సంఘము వారు తీసిన ఆ వీడియో మేనేజరు గారికి చేరినది. "వంగావు, లేచావు. దేవుడే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చాక ఇక నా దగ్గరికెందుకయ్యా?" అని నన్ను మరల లోడింగుకే పంపిరి. కూర్చునే పని కావలెనన్నచో, ఆ సాక్ష్యము అబద్ధమని రాసి ఇమ్మనిరి. ఇంటికి పోయి చెప్పితిని. మరియమ్మ పెన్ను, కాయితం తెచ్చి నా ముంగట పెట్టింది. అటెన్క, "రాసియ్యి. నీ నడుము సంగతి దేవునికి ఎర్కే. ఎర్క లేనిది కంపెనీకే" అన్నది. రాసి ఇచ్చితిని.

5. మూడవ దినమున నోటీసు వచ్చినది. "సదరు కార్మికుడు దేవుని పేర బహిరంగముగా అబద్ధమాడినట్లు స్వహస్తముతో ఒప్పుకొన్నందున, అతడు చెప్పు నొప్పి కూడా నమ్మదగినది కాదు. సోమవారము లోడింగుకు హాజరు కానిచో తొలగించబడును." బాగైన అంటే బాగైనవు పో అన్నరు. కాలేదంటే అబద్ధాలకోరు అన్నరు. ఇగ నేనేమనాలె సార్? నా కాగితము నకలు పాస్టరు అయ్యగారికి కూడా అందినది. స్త్రీల కూటములో మరియమ్మను ప్రార్థన చేయవద్దనిరి. అబద్ధం ఆడింది నేను, ఆమె ఏం పాపం జేసింది?

6. కావున, సంచులకు బ్యాచ్ నంబరు ముద్ర కొట్టు బల్ల వద్ద నన్ను కూర్చుండబెట్టించ ప్రార్థన. ఎనిమిది గంటలు కూర్చుని తప్పక చేయగలను. పరిహారము అక్కరలేదు. నా నొప్పి మీద తమకు కూడా అనుమానముంటే, ఒక్క సంచి, ఒక్కటంటే ఒక్కటి, ఆ గోడ పక్కన నిలబడి ఎత్తి చూడగలరు.

పై సంగతులన్నియు తమరు దయతో చిత్తగించవలెను. వంగి నమస్కరించవలసినది, చాతకాదు, మన్నించగలరు.

తమ విధేయుడు,
పి. దేవానందం

సారూ, నేను ఆయన భార్య మరియమ్మను. కవరు అంటియ్యమని నాకిచ్చిండు, నేను సదివిన. ఆరో నంబరుల అబద్ధం రాసిండు. ఎనిమిది గంటలు గాదు, పావుగంట కూసోలేడు. మొన్నటి సంది ఎడమ కాలు గిచ్చినా తెలుస్తలేదంట. సోమవారం డ్యూటీకి పోత అంటున్నడు. ఆయనకు ఏ పనీ ఇయ్యకుండ్రి. పెద్ద దవాఖానాల షరీకై ఆడనే పండాలని ఆఫీసు ముద్రేసి జల్దీ ఒక హుకుం పంపుండ్రి, నేను చెప్తే ఇంటలేడు, సర్కారు కాయితమైతే ఇంటడు. నిన్న రాత్రి పక్క తడిసింది, ఆయనకు తెల్వనే లేదు. పొద్దుగాల లేచి ఇదేందని అడిగిండు. చెంబు ఒలికిందని చెప్పిన.