తాడు మీద పదడుగులు

జూన్ 2, 2024. భువనగిరి.
రాష్ట్ర అవతరణ దినోత్సవం. మైదానంలో ఈదమ్మ తాడు మీద నడిచింది. అరవై ఏళ్లుంటాయి. చేతిలో వెదురు కర్ర, అంతే. ఆమె దిగాక నాకు రెండు నిమిషాలు మైకిచ్చారు. బీమా ఏజెంటుగా పదకొండేళ్లుగా చెబుతున్న మాటే చెప్పాను: జీవితం తాడు మీద నడక, పాలసీ తీసుకోండి.
ఈదమ్మ పక్కకొచ్చి మెల్లగా అడిగింది.
"ఎన్నడన్న తాడెక్కినవా సారూ?"
మైకులో ఊరంతా వింది!
శపథం: వచ్చే ఆదివారం ఏజెంట్ల మీటింగులోపు పదడుగులు నడుస్తాను. లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తను.

జూన్ 3, ఉదయం 5.30.
పెరట్లో రెండు వేపచెట్ల మధ్య తాడు. ఎత్తు ఆరడుగులు. మోకాళ్లకు పట్టీలు, నెత్తిన బండి హెల్మెట్. నేర్పడానికొచ్చిన ఈదమ్మ తాడు విప్పి మోకాలెత్తుకు దించింది.
6.10: ఒక అడుగు!
6.11: నేల.

జూన్ 4.
ఊరంతా ఓట్లు లెక్కపెడుతోంది. నేను అడుగులు. మూడు! మోత్కూర్‌లోని బావమరిదికి ఫోన్ చేసి ఐదన్నాను.

జూన్ 5.
చినుకులు. తడి తాడు ప్రమాదం. రిస్కు సంగతి నాకు తెలియనిదా?

జూన్ 6.
ఎండే. కానీ మడమ నొప్పి. పడుకుని రెండు గంటలు తాడు నడక వీడియోలు చూశాను. చూడటమూ సాధనే.

జూన్ 7.
ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. మా ఆవిడ సుచరిత కొంగు దోపుకుని తాడు మీద నడుస్తోంది. ఆరడుగులు! రోజూ నేను వెళ్లాక ఈదమ్మ దగ్గర నేర్చుకుంటోందట.
"నువ్వు కిందికి చూస్తవ్. నేను ఎదురుంగ చూస్త. గంతే," అంది.
ఉక్రోషంతో ఎక్కాను. దవాఖానలో ఎడమకాలికి కట్టేశారు.

జూన్ 8.
శపథం రద్దు. బిర్యానీ. రెండుసార్లు.

జూన్ 9.
మీటింగు. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నేను మూడడుగులకే పడ్డానని, మా ఆవిడ ఆరు నడిచిందని ఉన్నదున్నట్టు చెప్పాను. హాలంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. చివర్లో కొత్త ఏజెంటు రబియా వచ్చి, తనూ నేర్చుకోవచ్చా అని అడిగింది.

జూన్ 10, ఉదయం 5.30.
తాడు మీద సుచరిత, వరుసలో రబియా, కుర్చీలో నేను. కట్టు విప్పాక జూలై ఒకటి నుంచి మళ్లీ మొదలుపెడతానని ప్రకటించాను. ఈదమ్మ ఒప్పుకోలేదు.
"జులై దాక ఎందుకు సారూ? ఒంటికాలి మీద నిలబడుడే మొదటి పాఠం. లెవ్వు."
లేచాను.
పన్నెండు సెకన్లు!