డిఫాల్ట్‌కు తెలుగు మాట

5 జూలై 1999, సోమవారం. జడ్చర్ల.

ఫ్యాక్టరీలో కొత్త పెట్టె దిగింది. ఫైర్‌వాల్ అట. బయటి ఇంటర్నెట్ తీగకూ మా కంప్యూటర్లకూ మధ్య కూర్చుని వచ్చేపోయేవాటిని ఆపి చూస్తుందట. దాని ఇంగ్లీషు పుస్తకం నా బల్ల మీద పడేశారు. ముఖ్యమైన పేజీలు తెలుగు చేయాలి. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడికి ఈ మందుల ఫ్యాక్టరీ ఇచ్చిన పని ఇదే, యంత్రాల పుస్తకాలకు తెలుగు. నా అనువాదాన్ని "యాస వాసన" అని తిప్పి పంపిన బెజవాడ సంపాదకుడు చూస్తే నవ్వుకుంటాడు. నవ్వనీ.

7 జూలై.

పోర్ట్ అంటే రేవు అని రాశాను. కంప్యూటర్లు చూసే షాహీన్ చదివి పెదవి బిగబట్టింది.

"సార్, రేవంటే బట్టలుతికే జాగా గదా?"

నిజమే. సముద్రం లేని జిల్లా. ఇక్కడ రేవు అంటే చాకిరేవే. దర్వాజ అని రాయమంది. కొట్టేసి రాశాను. ఒక్కో దర్వాజకు ఒక నంబరు. వెబ్ పేజీలకు ఎనభై. ఉత్తరాలు పోవడానికి ఇరవై ఐదు. దూరం నుంచి కంప్యూటరును నడిపించే టెల్‌నెట్‌కు ఇరవై మూడు. ఎవరో ముందే అనుకుని పెట్టిన నంబర్లు. ప్రపంచమంతా వాటినే నమ్ముకుని తలుపు తడుతుంది. ప్రొటోకాల్ అంటే ఆ తట్టే పద్ధతి. టీసీపీ తట్టి, లోపలి నుంచి పలికేదాకా ఆగి, అప్పుడు మాట్లాడుతుంది. యూడీపీ గుమ్మంలో విసిరేసి పోతుంది, అందిందా అని అడగదు. రెండో రకం మనుషులు నాకు చాలామంది తెలుసు.

9 జూలై.

డిఫాల్ట్ దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో ఎగవేత, లోపం, గైరుహాజరు... ఒక్కటీ అతకదు.

పెట్టెలో నియమాలు వరుసగా ఉంటాయి. పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఏ నియమానికీ తగలనిది చివరి వరుసకు జారుతుంది. రానివ్వడమా ఆపడమా అన్నది అక్కడ తేలుతుంది. అదే డిఫాల్ట్. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు జరిగేది.

ఆ మాట నాకు వేరే చోట పరిచయం. నల్గొండ కోర్టు. నా చెలక కేసు, మెట్ట పొలం తగాదా. ఇవాళ మీది పిలవరు, ఇంటికి పొమ్మన్నాడు నా వకీలు రాఘవరావు. పోయాను. మధ్యాహ్నం బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడట. పలికేవాడు లేడు, వకీలూ లేడు. గైరుహాజరు కింద కేసు కొట్టేశారు — డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్. చెలక అవతలివాళ్లదైంది. ఆ రాఘవరావు నల్లకోటు విప్పేసి ఇప్పుడు ఇదే ఫ్యాక్టరీలో అడ్మిన్ మేనేజరు. రోజూ నమస్తే పెడతాడు. నేనూ పెడతాను.

12 జూలై, సోమవారం.

పెట్టె బిగించే మనిషి హైదరాబాద్ నుంచి వచ్చాడు. డిఫాల్ట్‌కు ఏం పెట్టమంటారు, అందరినీ రానివ్వాలా ఆపాలా అని రాఘవరావును అడిగాడు. రాఘవరావుకు కోర్టు డిఫాల్ట్ ఒక్కటే తెలుసు. గైరుహాజరైనవాళ్ల సంగతి అనుకున్నాడు.

"మా దగ్గర డిఫాల్ట్ లేదు. అందరు డ్యూటీల ఉన్నరు. అందర్ని పోనియ్యి."

బిగించే మనిషి అట్లాగే నొక్కేశాడు. చివరి వరుస మూసిపెట్టి, కావలసిన దర్వాజలే తెరవాలని షాహీన్ చెప్పి చూసింది. నేను పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించాను. మీరు తర్జుమా చూసుకోండి అన్నాడు రాఘవరావు.

13 జూలై.

తలుచుకుంటే నవ్వొస్తోంది. చదువుకున్నవాడి తప్పు అది. తెలిసిన మాటే కదా అని అర్థం అడగలేదు.

21 జూలై, బుధవారం.

నవ్వు పోయింది. ఎవడో బయటివాడు ఇరవై మూడో దర్వాజలోంచి స్టోర్స్ కంప్యూటరులోకి దిగి సరుకు వివరాలన్నీ తుడిచేశాడు. ఏ మందు ఏ గోడౌన్లో ఉందో చెప్పే దిక్కు లేదు. గేటు బయట లారీలు.

22 జూలై.

షాహీన్ చివరి వరుస మార్చింది. ఇక చెప్పనిదేదీ లోపలికి రాదు. ఉత్తరాలు ఆగాయి, ఇరవై ఐదు తెరిచింది. వెబ్ ఆగింది, ఎనభై తెరిచింది. అయినా ఒక్క పేజీ రాదు. హాలంతా ఒకటే గొణుగుడు. పేర్లు వెతికిపెట్టే యాభై మూడును మరిచిపోయామని చివరికి తోచింది, అదీ యూడీపీది. తెరవగానే అన్నీ వచ్చాయి. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తయిన సంతోషం.

23 జూలై.

ఆ సంతోషమే ఆమె మెడకు చుట్టాడు. దర్వాజలు తెరిచేది షాహీనే, నిన్న హాలంతా చూసింది, ఇరవై మూడు కూడా ఆమె తెరిచిందే అంటున్నాడు రాఘవరావు. ఇంటి నుంచి పని చేసుకోవడానికట. వాళ్ల ఇంట్లో ఫోనే లేదు. పాలమూరులో వాళ్ల అబ్బా గడియారాలు బాగుచేస్తాడు. ఆయన చూపు మందగించాక ఇల్లు ఈమె మీదే. వచ్చే వారం, శనివారం నాడు విచారణ. తప్పు ఆమెదని రాస్తే పని పోతుంది. ఆ మచ్చతో జడ్చర్లలో ఇంకో గేటు ఆమెను లోపలికి రానివ్వదు.

తెరిచింది ఎవరు అని అడుగుతున్నారంతా. ప్రశ్నే తప్పు. ఎవరూ తెరవలేదు. ఎవరూ మూయలేదు.

26 జూలై, సోమవారం.

సాక్ష్యం చెప్తానన్నాను. చెప్పబోయేది షాహీన్‌కు వినిపించాను. చెలక దగ్గర మొదలుపెట్టి, ఈ రాఘవరావు బతుకంతా ఇదే అన్నదాకా. ఏళ్లుగా నోట్లో నానిన మాటలు. బాగా వచ్చాయి. ఆమె చివరిదాకా విన్నది.

"సార్, మీరు నా దిక్కు వస్తున్నరా, ఆయన మీదికి వస్తున్నరా?"

రెండూ అన్నాను.

"గట్లయితే వాళ్లు ఒక్కటే వింటరు సార్. ముసలాయన పాత పగ అంటరు. నడుమ నేను పోత."

27 జూలై.

ఆమె అన్నది సరైన మాట. ఒప్పుకోవాలంటే ఒళ్లు మండుతోంది. గోడంత పుస్తకాలు చదివాను. న్యాయం గురించి, క్షమ గురించి, పగ గురించి. పగ గురించిన పేజీలే గుర్తున్నాయి.

28 జూలై.

చెలక తీసేశాను. బతుకంతా ఇదే అన్నదీ తీసేశాను. బిగించే మనిషి ఏం అడిగాడు, రాఘవరావు ఏమన్నాడు, షాహీన్ ఏం చెప్పింది, పెట్టె ఏం చేసింది... నాలుగు ముక్కలు మిగిలాయి. ఉప్పు లేని పప్పు.

30 జూలై, శుక్రవారం.

సాయంత్రం రాఘవరావు నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం నిండా మర్యాద.

"రేపు ఎంక్వైరీ లేదు సార్, వాయిదా పడ్డది. మీరు రాకుండ్రి. ఇంటికాడ ఆరాం చేయుండ్రి."

అదే మెత్తని గొంతు. నల్గొండ కోర్టు వరండా కళ్ల ముందుకు వచ్చింది. షాహీన్ ఇవాళ సెలవు. ఆమెకూ కబురు చేశాడట.

నమస్తే పెట్టాను.

31 జూలై, శనివారం.

మొదటి బస్సుకు పాలమూరు. గడియారాల దుకాణం వెనకే ఇల్లు. షాహీన్ బియ్యం ఏరుతోంది. వాయిదా అని ఫ్యాక్టరీ జీపు డ్రైవరు నిన్ననే చెప్పి పోయాడట. నిజమైతే గేటు దాకా పోయి తిరిగొద్దాం, కాకపోతే పేర్లు పిలుస్తారు, పలికేవాళ్లుండరు అన్నాను. ఆమె వాళ్ల అబ్బా వైపు చూసింది. ఆయన పట్టకారు కింద పెట్టాడు. జా బేటీ... అంతే.

బస్సులో కిటికీ వైపు చూస్తూ అడిగింది, నిజంగానే వాయిదా అయితే ఎట్లా అని. నన్ను పిచ్చి ముసలోడంటారు అన్నాను.

"అది ఇప్పుడు గూడ అంటరు సార్."

అదే రోజు. విచారణ గది బయట, బెంచీ మీద.

వాయిదా లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు లోపల కూర్చున్నారు. మమ్మల్ని చూసి రాఘవరావు నమస్తే పెట్టలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి.

షాహీన్ పేరు పిలిచారు. చున్నీ కొస వేలికి చుట్టుకుని లేచింది. బంట్రోతు మళ్లీ పిలిచాడు.

"ఉన్న సార్."

తలుపు పడింది. లోపల రాఘవరావు గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. ఆమె గొంతు... మళ్లీ అతనిది, ఇంకాసేపు అతనిదే.

డిఫాల్ట్‌కు మాట ఇంకా దొరకలేదు. అనువాదంలో ఆ జాగా ఖాళీగానే ఉంది.

కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో తలుపు దాకా వస్తున్నారు, నన్ను పిలవడానికే. నాలుగు ముక్కలు. నాలుగే చెప్పాలి. చెలక మాట మాత్రం నాలుక చివరే ఉంది —